మా ఇద్దరి మధ్య ఒక్క గిన్నె

నా చిన్నప్పుడు, అమ్మ పోయిన ఏడాది, ఆదివారం వస్తే చాలు మా నాన్నా నేనూ కారెక్కి బయల్దేరిపోయేవాళ్లం. ఎక్కడికని అడిగితే ఇద్దరికీ తెలియదు. ఇంట్లో ఉండలేక వెళ్లేవాళ్లం, అంతే. అప్పుడు మేము కాలిఫోర్నియాలో ఒక చిన్న ఊళ్లో ఉండేవాళ్లం. నాన్న ఒక ఇంజనీరింగ్ కంపెనీలో డ్రాయింగులు గీసే పనిలో చేరి, ఏలూరు నుంచి అమ్మనీ నన్నూ తీసుకొచ్చారు. వచ్చిన రెండో చలికాలంలో అమ్మ జబ్బుపడింది. చలి తగ్గేలోపే పోయింది. నాకు అప్పుడు తొమ్మిదేళ్లు. ఆ ఊళ్లో తెలుగు వచ్చినవాళ్లం మేమిద్దరమే మిగిలాం. ఆ ఇద్దరమూ పెద్దగా మాట్లాడుకునేవాళ్లం కాదు.

వారమంతా స్కూలూ ఆఫీసూ ఎలాగో నెట్టుకుపోయేవి. ఆదివారం పొద్దున మాత్రం ఇల్లంతా అమ్మే. వంటింట్లో పోపుల డబ్బా అమ్మ పెట్టిన చోటే ఉండేది. నాన్న దాని మూత తియ్యలేదు. ఉప్పూ కారం విడిగా కొనుక్కొచ్చి వాటితోనే వంట కానిచ్చేవారు. ఆయన వండిన అన్నం ఒకరోజు పలుకు, ఒకరోజు జావ. బాగాలేదని నేను ఏ రోజూ అనలేదు. ఎలా ఉందని ఆయనా అడగలేదు. తిన్నాక కంచాలు కడిగి బోర్లించి, ఇద్దరం చెరో కిటికీ దగ్గర కూర్చునేవాళ్లం. కాసేపటికి నాన్న లేచి కారు తాళాలు తీసేవారు. నేను చెప్పులేసుకునేదాన్ని.

అలా తిరుగుతుండగా ఒక ఆదివారం మధ్యాహ్నం, సముద్రం వైపు వెళ్లే హైవే మీద, దట్టంగా పొగమంచు కమ్మేసింది. ముందున్న కారు ఎర్ర లైట్లు తప్ప మరేమీ కనపడటం లేదు. నాన్నకి అసలే కొత్త డ్రైవింగు, భయపడి కారు రోడ్డు పక్కకి దించి ఆపారు. ఆపిన చోట స్ట్రాబెర్రీ తోటలకి ఆనుకుని ఒక చెక్క షాపు ఉంది. వెలిసిపోయిన బోర్డు మీద ఒక గిన్నె బొమ్మ, దాని పైన ఆవిరి అనుకోమన్నట్టు వంకర గీతలు. జపాన్ వాళ్ల రామెన్ దొరికే షాపు అది. రామెన్ అంటే వేడి చారులో నూడుల్స్ అని కూడా అప్పటికి మాకు తెలియదు. లోపల వెచ్చగా ఉంటుందని వెళ్లాం.

ఆ షాపు అప్పటికే పాతది. తోటల్లో పనిచేసేవాళ్లు, లారీలు నడిపేవాళ్లు వచ్చి, సొంత ఇంట్లో పీట వాల్చుకున్నట్టు ఎవరి స్టూలు మీద వాళ్లు కూర్చునేవారు. ఎనభైకి దగ్గరపడ్డ ఒక జపాను ఆవిడ దాన్ని నడిపేది. నడుము వంగింది కానీ నడక తగ్గలేదు. తలకి తెల్లగుడ్డ కట్టుకునేది. లోపల వంటలో ఆవిడ కొడుకు ఉండేవాడు గానీ, చారు రుచి చూడాలన్నా, నూడుల్స్ దించాలన్నా ఆవిడే. ఏలూరులో మా పక్కింటి మామ్మగారు కూడా అలాగే వంగి చకచకా నడిచేది. అందుకని ఈవిడకీ నేను మనసులో మామ్మ అని పేరు పెట్టేశాను. పంది మాంసం మేము తినమండీ అని నాన్న ఎంతో ఇబ్బందిపడిపోతూ చెప్తే, ఆవిడ తలూపి, మాంసం ముక్కలకి బదులు ఇంకో కోడిగుడ్డు వేసింది. చారు కోడి ఎముకలతో కాచినదేనని కుండ మూత తీసి మరీ చూపించింది.

మా అమ్మకి జుర్రుకుంటూ తినేవాళ్లని చూస్తే ఒళ్లుమంట. చారన్నం తినేటప్పుడు నోటి చప్పుడు వచ్చిందంటే చాలు, అలా ఉరిమి చూసేది. ఇక్కడ చూస్తే షాపు షాపంతా జుర్రుతోంది. పెద్ద పెద్ద మీసాలవాళ్లు కూడా సిగ్గు లేకుండా సుర్రు సుర్రుమని లాగుతున్నారు. నాన్న నా వైపు చూశారు, నేను నాన్న వైపు చూశాను. ఆయన గిన్నె మీదకి వంగి ఒక్క లాగు లాగారు. ఆ చప్పుడికి నాకు నవ్వాగలేదు, ఆయనకీ ఆగలేదు. అమ్మ పోయాక మేము నవ్వింది అదే మొదలు. నవ్వాక ఇద్దరికీ ఏదో తప్పు చేసినట్టనిపించి, తలలు దించుకుని మిగిలింది తినేశాం. అప్పటి నుంచి ఏ ఆదివారం ఎటు బయల్దేరినా కారు ఆ షాపు ముందే ఆగేది.

అక్కడ ఒక పద్ధతి ఉండేది. గిన్నెలో నూడుల్స్ అయిపోయి చారు మిగిలితే, ఇంకో గుప్పెడు నూడుల్స్ తెచ్చి ఆ చారులో వేసేవారు. మామ్మ పొడుగు పిడి ఉన్న చిల్లుల గరిటె పట్టుకుని బల్లల మధ్య తిరుగుతూ "ఇంకా?" అని అడిగేది. అడిగేది ఒక్కసారే. ఊఁ అంటే వేసేది, వద్దంటే పక్కవాళ్ల దగ్గరికి వెళ్లిపోయేది. నేను ప్రతిసారీ వద్దనేదాన్ని. అలా అనేసి ఆ గరిటె వైపే చూస్తూ కూర్చునేదాన్ని.

నాకు ఆకలి లేక కాదు. మా ఇంట్లో పెంపకం అలాంటిది. ఎవరింటికైనా వెళ్లినప్పుడు కాఫీ తాగుతారా అని అడిగితే, ప్రాణం ఆ కాఫీ మీదే ఉన్నా సరే, ఇప్పుడే తాగొచ్చామండీ అనాలి. వాళ్లు ఆ మాట చెవిన పెట్టకుండా మళ్లీ అడుగుతారు. అబ్బే, వద్దండీ అనాలి. అప్పుడు వాళ్లు గ్లాసు తెచ్చి చేతిలో పెట్టేస్తారు. అయ్యో, మీరు మరీనండీ అంటూ అప్పుడు తాగాలి. మొదటిసారి అడగ్గానే తలూపిన పిల్లకి పెంపకం లేదన్నమాట. అలా తలూపినందుకు నేను అమ్మ చేత తొడపాశం కూడా తిన్నాను. ఆ చదువు నాకు బాగా వంటబట్టింది. దాన్ని అలాగే మూటగట్టుకుని అమెరికాలో దిగాను.

ఇక్కడ రెండోసారి అడిగేవాళ్లు లేరు. క్లాసులో ఎవరిదో పుట్టినరోజు, టీచరు కేకు పంచుతూ నీకు కావాలా అంది. మర్యాదగా వద్దన్నాను. ఇంకోసారి అడుగుతుందని చూస్తుంటే కేకు నన్ను దాటి వెనక బల్లకి వెళ్లిపోయింది. ఆడుకోవడానికి వస్తావా అని ఎదురింటి అమ్మాయి వచ్చి అడిగితే, అమ్మో, వెంటనే వెళ్తే ఏమనుకుంటారో అని, రాను అన్నాను. ఆ పిల్ల సరేనని వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. ఆ పిల్ల మంచిదే. రానన్నదాన్ని పిలవడం బాగుండదని ఊరుకుంది. మధ్యాహ్నం విరామంలో నేను స్కూలు గోడ పక్కన నిలబడి అందరూ ఆడుకోవడం చూసేదాన్ని. ఆ పిల్లలకి నేనంటే ఇష్టం లేదని నేననుకునేదాన్ని. నాకు వాళ్లంటే ఇష్టం లేదని వాళ్లనుకున్నారు.

ఇలా ఉండగా ఏలూరు నుంచి మా అత్తయ్య, అంటే నాన్న వాళ్ల అక్క, ట్రంక్ కాల్ చేసింది. దూరం కదా, గట్టిగా అరిస్తే గానీ వినపడదన్నట్టు మాట్లాడేది. పక్కన కూర్చున్న నాకూ వినపడింది. "ఆడపిల్లని ఒక్కడివీ ఎలా పెంచుతావురా? నా దగ్గరికి పంపించెయ్. నా నలుగురితో పాటు అయిదోది అనుకుంటాను." నీకు ఇబ్బందేమో అక్కా అన్నారు నాన్న. "ఇబ్బందేముందిరా, భలేవాడివే" అంది అత్తయ్య. నాన్న ఫోన్ పెట్టేసి చాలాసేపు దాని మీదే చెయ్యి ఉంచి కూర్చున్నారు.

ఆ ఆదివారం కార్లో, చూపు రోడ్డు మీదే పెట్టి, నన్నడిగారు. "అత్తయ్య రమ్మంటోంది. అక్కడ పిల్లలుంటారు, నీకు కాలక్షేపం. వెళ్తావా అమ్మా?"

"నీ ఇష్టం నాన్నా" అన్నాను.

నాకు వెళ్లాలని లేదు. అమ్మ పోయాక నాకున్నది ఆయనొక్కరే. ఆయన చొక్కా వాసన, ఆయన జావ అన్నం, చెరో కిటికీ దగ్గర కూర్చునే ఆ ఆదివారాలు కూడా నాకు కావాలి. కానీ అడగ్గానే వెళ్లను అనేస్తే నాన్న మాట కాదన్నట్టవుతుంది. ఇంకోసారి అడుగుతారు కదా, అప్పుడు చెబుదామనుకున్నాను. ఆయన అడగలేదు. కారు పోతూనే ఉంది. నా మాటకి ఆయన చెప్పుకున్న అర్థం నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. పిల్లకి వెళ్లాలని ఉంది, నేను బాధపడతానని పైకి అనడం లేదు అనుకున్నారట.

ఆ తర్వాత పనులన్నీ వాటంతటవే జరిగిపోయాయి. వేరే ఊళ్లో ఉండే ఒక తెలుగు డాక్టరు అంకుల్ కుటుంబం సెలవులకి ఇండియా వెళ్తోంది, నన్ను వాళ్లతో పంపే ఏర్పాటు జరిగింది. ఒకరోజు స్కూలు నుంచి వచ్చేసరికి హాల్లో కొత్త సూట్‌కేసు ఉంది. నాన్న నేల మీద కూర్చుని నా గౌన్లు మడతపెడుతున్నారు. ఆయనకి మడతపెట్టడం రాదు. అన్నీ చుట్టలు చుట్టి పెడుతున్నారు. నేను పక్కన కూర్చుని నా సాక్సులు అందించాను. ఆయన ఇప్పుడు అడుగుతారు, ఇదిగో ఈ సాక్సులయ్యాక అడుగుతారు అని నేను చూస్తూనే ఉన్నాను. సాక్సులయిపోయాయి, సూట్‌కేసు మూత కూడా పడింది.

ప్రయాణానికి ముందు ఆదివారం మళ్లీ రామెన్ షాపుకి వెళ్లాం. మధ్యాహ్నం రద్దీ తగ్గిపోయి షాపు ఖాళీగా ఉంది. మామ్మ వచ్చి నా మొహం చూసి, ఈ పిల్లకి ఒంట్లో బాగాలేదా అని నాన్ననడిగింది. ఆవిడ ఇంగ్లీషు అన్నీ ముక్కలు ముక్కలు, కానీ అడగదలుచుకున్నది అడిగేసేది. నాన్న నవ్వు తెచ్చిపెట్టుకుని, వచ్చే వారం ఇండియా వెళ్తోంది, మా అక్క దగ్గర ఉంటుంది అన్నారు. ఎన్నాళ్లని అడిగింది. పెద్దయ్యేదాకా అన్నారు.

ఆవిడ నా వైపు తిరిగింది. "నీకు వెళ్లాలని ఉందా?"

"నాన్న ఇష్టం" అన్నాను.

ఆవిడ నాన్న వైపు తిరిగింది. "నీకు పంపాలని ఉందా?"

"అమ్మాయి ఇష్టం" అన్నారు నాన్న.

మామ్మ మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. లోపలికి వెళ్లిపోయింది. వచ్చేటప్పుడు ఒక్క గిన్నె తెచ్చి సరిగ్గా మా ఇద్దరి మధ్య పెట్టింది. చారు అయిపోయిందట, ఇవాళ్టికి మిగిలింది ఇదేనట. "ఎవరు తింటారు?" అని అడిగి, చేతులు కట్టుకుని అక్కడే నిలబడింది.

నాన్న గిన్నె నా వైపు జరిపారు. నాకు ఆకల్లేదు నాన్నా, నువ్వు తిను అని నేను ఆయన వైపు జరిపాను. నేను పొద్దున టిఫిన్ గట్టిగా తిన్నానమ్మా, నువ్వు తిను అన్నారు. ఆయన పొద్దున తిన్నది అరటిపండు. నేను అదీ తినలేదు. పోనీ పంచుకుంటాం, ఇంకో గిన్నె ఇస్తారా అని నాన్న అడిగితే మామ్మ వినపడనట్టు నిలబడింది. గిన్నె మళ్లీ నా దగ్గరికొచ్చింది. మళ్లీ ఆయన దగ్గరికెళ్లింది. పెళ్లి భోజనాల్లో ముందు మీరు కూర్చోండంటే మీరు కూర్చోండని బంధువులు ఒకరినొకరు తోసుకున్నట్టుంది మా వరస.

రామెన్ నూడుల్స్ ఎవరి కోసమూ ఆగవు. వేడి చారులో పడ్డాక వెంటనే తినాలి. లేదంటే చారంతా పీల్చేసుకుని ఉబ్బి, మెత్తబడి, ఒకదానికొకటి అతుక్కుపోతాయి. మా కళ్లముందే అలా అయింది. ఆవిరి తగ్గింది, ఆగింది. పైన నూనె తెట్టు కట్టింది. కోడిగుడ్డు చల్లారి రంగు మారింది. చారు ఉండాల్సిన చోట ముద్ద మిగిలింది. ఇక లాభం లేదని నాన్న చాప్‌స్టిక్స్ తీసుకున్నారు. సరిగ్గా అప్పుడు మామ్మ గిన్నె చేతిలోకి తీసుకుని, వెనక్కి తిరిగి చెత్తడబ్బాలో వంచేసింది.

నేను ఉలిక్కిపడ్డాను. చిన్నపిల్లలు నాలుగు నూడుల్స్ వదిలేస్తే పక్కన నిలబడి మరీ తినిపించే మనిషి ఆవిడ. నాన్న మొహం ఎర్రబడింది. మాతో ఏదైనా తప్పు జరిగిందా అండీ అని అడిగారు. అన్నం పారబోయడం మా ఇంట్లో ఎవరూ ఎరగరు. మామ్మ కుర్చీ లాక్కుని మా బల్ల దగ్గర కూర్చుంది. ఆవిడ కూర్చోగా చూడటం నాకు అదే మొదటిసారి.

అప్పుడు ఆవిడ తన సంగతి చెప్పింది. ఆ ముక్కల ఇంగ్లీషులోనే చెప్పింది, అయినా నాకు అంతా అర్థమైంది. వాళ్ల దేశంలో కూడా అంతేనట. ఎవరైనా ఏదైనా ఇస్తే మొదట వద్దనాలి, ఇచ్చేవాళ్లు మళ్లీ అడగాలి. మంచి కుటుంబాల ఆడపిల్లలు అలాగే పెరుగుతారట. ఆవిడకి పద్దెనిమిదేళ్లప్పుడు అమెరికాలో తోటపని చేసుకునే ఒకాయన ఫోటో పెళ్లి సంబంధంగా వచ్చింది. వాళ్లమ్మ దాన్ని చూపించి, సముద్రం దాటి అంత దూరం వెళ్తావా అని అడిగింది. ఆవిడకి వెళ్లాలని లేదు. కానీ అడగ్గానే వెళ్లనంటే మర్యాద కాదు కదా, అమ్మా నీ ఇష్టం అంది. ఇంకోసారి అడుగుతుంది, అప్పుడు చెబుదామని చూసింది. పెళ్లి బట్టలు కుట్టేటప్పుడు చూసింది. వీధివాళ్లు వీడ్కోలు చెప్పడానికి వచ్చినప్పుడు చూసింది. ఓడ దగ్గర వాళ్లమ్మ ఆవిడ నడుముకట్టు సరిచేస్తూ ఏదో అనబోయింది. ఇప్పుడు అడుగుతుంది అనుకుంది. "అక్కడ చలి ఎక్కువట, జాగ్రత్త" అందట వాళ్లమ్మ.

ఓడ కదిలింది. వాళ్లమ్మని ఆవిడ మళ్లీ చూడలేదు. చాలా ఏళ్ల తర్వాత ఆవిడ చెల్లెలు ఒకసారి ఇక్కడికి వచ్చినప్పుడు చెప్పిందట. అక్క వెళ్లనంటే ఆపేద్దామని అమ్మ ఆఖరి నిమిషం దాకా చూసింది, అక్క ఒక్క మాట అనలేదని పోయేదాకా అనుకుంటూనే ఉంది అని.

"ఆమె నా కోసం చూసింది. నేను ఆమె కోసం చూశాను" అంది మామ్మ. ఆవిడ ఏడవలేదు. బల్ల మీద చారు మరక ఒకటి ఉంటే చేతిగుడ్డతో దాన్ని తుడుస్తూ కూర్చుంది. మరక పోయాక కూడా తుడుస్తూనే ఉంది.

కాసేపటికి తలెత్తి, మర్యాద వద్దు, నిజం చెప్పండి, ఆకలిగా ఉందా అని అడిగింది. నాన్న ఉంది అన్నారు. నాకూ ఆకలేస్తోంది అన్నాను. లోపల కుండ నిండా చారుందట. అయిపోయిందన్నది అబద్ధమట. రెండు గిన్నెలు తెస్తానని లేచింది. రెండడుగులు వేసి ఆగి, నాన్నతో అంది: "ఇంకో ప్రశ్న ఉంది కదా. అది మళ్లీ అడుగు. మీ భాషలో అడుగు, నాకు అర్థం కాదు."

మేమిద్దరమే మిగిలాం. నాన్న గొంతు సవరించుకున్నారు. మొదట ఏదో మొదలుపెట్టి ఆపేశారు. తర్వాత నా కళ్లలోకి చూసి అడిగారు. కార్లో అడిగినప్పుడు ఆయన నా వైపు చూడలేదు.

"నిజం చెప్పు తల్లీ. నేనేమీ అనుకోను. అత్తయ్య దగ్గరికి వెళ్లాలనుందా?"

"వెళ్లను నాన్నా. నీ దగ్గరే ఉంటాను."

ఏదైనా కావాలని నోరు తెరిచి అడగడం నాకు అంతవరకూ తెలియదు. నాన్న బల్ల మీది కాగితం రుమాళ్లు నాలుగైదు ఒకేసారి లాగి మొహానికి అడ్డం పెట్టుకున్నారు. వాటి వెనక నుంచి, "నువ్వెళ్తే నేనెలా ఉంటాననుకున్నావే" అన్నారు. ఆయన నన్ను ఏమే, ఎందుకే అని పిలవగా అప్పటిదాకా వినలేదు. అలా పిలిచేది అమ్మ. నేను కుర్చీ దిగి వెళ్లి ఆయన పక్కన ఇరుక్కుని కూర్చున్నాను. మామ్మ రెండు గిన్నెలు తెచ్చిపెట్టి, మా వైపు చూడకుండా వెళ్లిపోయింది. ఈసారి చల్లారనివ్వలేదు. మళ్లీ గరిటె పట్టుకుని వచ్చి "ఇంకా?" అన్నప్పుడు ఊఁ అన్నాను.

ఆ సాయంత్రమే నాన్న ఏలూరుకి ఫోన్ చేశారు. అత్తయ్య అయ్యో, ఎదురుచూస్తున్నామే అంది. నేను పెద్దయ్యాక ఒకసారి వెళ్లినప్పుడు పకపకా నవ్వుతూ అసలు సంగతి చెప్పింది. అద్దె ఇంట్లో రెండు గదుల్లో నలుగురు పిల్లలతో తనకే ఊపిరాడటం లేదట. తమ్ముడు కష్టంలో ఉన్నాడు, అనకపోతే బాగుండదని అందట. వాడు వద్దులే అక్కా అంటాడనుకుంటే, సరే అన్నాడేమిటే అని హడలిపోయిందట. అంటే ముగ్గురం మొహమాటపడి, ఎవరికీ ఇష్టం లేని పనికి ఒక చిన్నపిల్లని సముద్రం దాటించబోయాం.

ఆ రోజుతో మా కష్టాలు తీరిపోయాయని అబద్ధం చెప్పను. అమ్మ లేని ఇల్లు అలాగే ఉంది. స్కూలు నుంచి వచ్చి నేనే తాళం తీసుకునేదాన్ని. నాన్న వచ్చేదాకా అన్ని గదుల్లోనూ లైట్లు వేసి కూర్చునేదాన్ని. కానీ చెరో కిటికీ దగ్గర కూర్చోవడం మానేశాం. భయంగా ఉంటే భయంగా ఉందనీ, అన్నం జావైతే జావైందనీ చెప్పడం మొదలుపెట్టాను. నాన్న కూడా ఒకరోజు పోపుల డబ్బా తీసి, ఇందులో మీ అమ్మ ఏది ముందు వేసేదో నీకు గుర్తుందా అని అడిగారు. నాకు గుర్తుంది. ఆ పూట ఇద్దరం ఏడుస్తూనే పప్పు పోపు పెట్టుకున్నాం.

మామ్మ నేను హైస్కూల్లో ఉండగా పోయింది. నాన్న కూడా పోయి చాలా కాలమైంది. ఆ మధ్య కాలిఫోర్నియా వెళ్లినప్పుడు ఆ రోడ్డు వెతుక్కుంటూ వెళ్లాను. షాపు ఉంది. గోడలకి కొత్త రంగు వేశారు, స్టూళ్లు మార్చారు. మామ్మ మనవరాలు నడుపుతోందట. ఆ రోజు ఆమె లేదు. ఎవరితోనూ మాట్లాడే పని లేకుండా గుమ్మం పక్కన ఒక టచ్ స్క్రీన్ పెట్టారు. నూడుల్స్ ఇంకా కావాలా అని అదే అడిగింది. రెండోసారి అడిగే ముచ్చట దానికీ లేదు. అవును అని నొక్కాను. నా వయసుకి అంత తినలేనని తెలుసు, అయినా నొక్కాను. కిటికీ పక్క బల్ల దగ్గర ఒక్కదాన్నే కూర్చుని, చారు చల్లారకముందే తినగలిగినంత తిన్నాను.

మొహమాటం చెడ్డదని నేననను. అవతలివాళ్లు మళ్లీ అడుగుతారన్న నమ్మకం ఉన్నచోట అది ముచ్చటగానే ఉంటుంది. అందుకే అడిగే వంతు నాదైనప్పుడు నేను ఒక్కసారితో ఊరుకోను. అమెరికా తూర్పు వైపున ఇప్పుడు నేనుండే క్యారీ అనే ఊళ్లో, యూనివర్సిటీలో మాస్టర్స్ చేసే మన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తారు. అన్నం తింటారా అంటే, "అయ్యో వద్దు ఆంటీ, తినే వచ్చాం" అంటారు అందరూ కూడబలుక్కున్నట్టు. నేను ఆ మాట చెవిన పెట్టను. కంచాలు పెట్టేస్తాను. అన్నం కుక్కర్ అడుగంటాక గానీ ఒక్కరూ లేవరు. అడిగే వంతు నాది కానప్పుడే కష్టం. వద్దులే అన్న మాట ఇప్పటికీ నా నాలుక చివరే ఉంటుంది.

మా ఆయన పోయిన దగ్గర్నుంచి ఇంట్లో నేనొక్కదాన్నే. మా వీధిలో కార్లు వెళ్తాయి, వస్తాయి, గరాజ్ తలుపులు మూసుకుంటాయి, మనిషి కనపడదు. మా అమ్మాయి ఇక్కడే పుట్టి పెరిగింది, ఉద్యోగం సియాటిల్‌లో. దానికి తెలుగు వచ్చు, మొహమాటం రాదు అనుకునేదాన్ని. దేన్నైనా ఒక్కసారే అడుగుతుంది. వద్దంటే ఓకే అంటుంది. కిందటి నెల ఫోన్ చేసి, "అమ్మా, లాంగ్ వీకెండ్ వస్తుంది. నేను రావాలా? లేకపోతే నువ్వు ఓకేనా?" అని అడిగింది. నాకేమే, హాయిగా ఉన్నాను, పని మానుకుని అంత దూరం ఎందుకు అనే మాట పూర్తిగా తయారై నోటిదాకా వచ్చింది. ఆ మాట అంటే అది ఓకే అంటుంది. ఫోన్ పెట్టేస్తుంది. నేను లేచి అన్ని గదుల్లో లైట్లు వేసుకుంటాను.

"ఒక్కదాన్నీ ఉండలేకపోతున్నానే. రా" అన్నాను.

మా అమ్మాయి గొంతు చిన్నగా వినిపించింది.

"నువ్వు ఎప్పుడు రమ్మంటావా అని వెయిట్ చేస్తున్నాను, అమ్మా."